స్కూటర్ డిక్కీలో శనక్కాయ చెట్టు

నా అక్షరాలు కోడి గీరినట్టు ఉంటాయి. బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఒత్తులు తప్పుతాయి, తలకట్లు మరిచిపోతాను. చదివేవాళ్ళు సర్దుకోండి. ఇంతకుముందు, ఎవరి చేతనో చదివించుకునే మా అమ్మకు తప్ప ఎవరికీ ఉత్తరం రాయలేదు. పేపరుకు ఫొటోలు తీసే మా మామ పోయిన వారం అనంతపురంలో గుండె ఆగి చనిపోయాడు. అందుకే రాస్తున్నాను.

పామిడిలో మాకు నైటీలు కుట్టే మిషన్లు రెండున్నాయి. నేను గుండీలు కుడుతుంటే మా ఆయన పేపరు తెచ్చి ముందర పెట్టాడు.

"మీ ఫొటో మామ పోయినాడంట."

పేపర్లో మామ మొహం తపాలా బిళ్ళంత ఉంది. పక్కన ఆయన తీసిన పాత ఫొటో అరచేయంత ఉంది. అందులో మా నాయన ఒక నాయకుడి ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎవురే పోయింది, మీ అమ్మకు తమ్ముడా?" అని మా అత్త అడిగింది.

"కాదత్తా."

"మరి యాంటికి ఏడుస్తావు?"

పేపరు మడిచి పక్కన పెట్టి మళ్ళీ గుండీలు కుట్టుకున్నాను. అడిగినదానికి నోటితో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాదు.

మామ మాకు చుట్టం కాదు. కుందుర్పి దిక్కు మా ఊళ్ళో మా ఇంటికి మొదటిసారి వచ్చిన పూట అమ్మను అక్కా అని, నాయనను బావా అని పిలిచాడు. ఆ లెక్కన నేను కోడలినయ్యాను. ఆ వరస ఎట్లా కలిసిందో ముందు చెప్పాలి. అది మంచి కథ కాదు.

మా చేను రోడ్డు పక్కన ఉంది. అదే మాకు వచ్చిన కష్టం. కరువు చూడటానికి వచ్చే పెద్దలు కారు దిగి ఇరవై అడుగులకు మించి నడవరు. కరువు కూడా వాళ్ళ కారు దగ్గరికే రావాలి. అందుకని ఎవరు వచ్చినా మా చేలోనే దిగేవాళ్ళు. దిగినవాళ్ళంతా ఒకటే పని చేసేవాళ్ళు. ఒక శనక్కాయ చెట్టు పెరికి, మన్ను దులిపి, కాయల్లేని వేళ్ళను కెమెరాలకు చూపించి, మొహం వేలాడేసేవాళ్ళు. ఫొటో అయిపోగానే చెట్టు గట్టు మీదికి, మొహం మామూలుకు. తరువాత కొబ్బరినీళ్ళు తాగి పోయేవాళ్ళు. చేతికి అంటిన మన్ను కడగడానికి మా బిందెలో నీళ్ళే పోయించుకునేవాళ్ళు.

నేను ఐదో తరగతి చదివే ఏడాది, చెట్లకు కాయ పట్టే ఊడలు మన్నులోకి దిగాయి. ఇంకొక్క పదును వాన పడితే చాలని నాయన రోజూ ఆకాశంలో మోడాల దిక్కు చూసేవాడు. మా మేకను కూడా గట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. అప్పుడు ఒక నాయకుడు ఐదు కార్లలో వచ్చాడు. మామ ఆ రోజే నాకు మొదట కనిపించాడు. మెడలో కెమెరా, చంకలో సంచి, గళ్ళ చొక్కా.

నాయకుడు ఒక చెట్టు పెరికాడు. "మాకు ఫొటో పడలేదు సార్" అన్నారు ఫొటోలవాళ్ళు. ఇంకొకటి పెరికాడు. వెనక నిలబడినవాళ్ళు అడిగితే మూడోది పెరికాడు. నాలుగోది అడిగింది మా మామ.

"సార్, మొగం మీద నీడ పడింది. ఇట్ల తిరిగి ఇంగొకటి పెరకండి."

పెరికాడు. అప్పుడు నాయన గట్టు దిగి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"పెరకద్దు సామీ, దండం పెడతా. అది ఇంకా బతికే ఉండాది."

అన్నది గట్టిగానే. పక్కన అమ్మ కొంగు పట్టుకొని నేనున్నాను, విన్నాను. నాయకుడికి మాత్రం దండం ఒక్కటే కనిపించింది. దండం పెట్టించుకొని అలవాటైనవాడికి మాట చెవికెక్కదు కదా. నాయన భుజం మీద చెయ్యి వేసి, నవ్వీ నవ్వనట్టు మొహం పెట్టి నిలబడ్డాడు. మామ కెమెరా నొక్కాడు.

మరునాడు ఆ ఫొటో పేపర్లో పడింది. ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. కూడబలుక్కుంటూ పైకి చదివాను. "కష్టాల్లో అండగా నిలిచిన నేతకు చేతులెత్తి మొక్కుతున్న రైతు." నాయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ అదే చదివాను. తువ్వాలు భుజాన వేసుకొని చేనికి పోయాడు.

టీ అంగడి దగ్గర మగవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమప్పా, ఆయప్పకు మొక్కితివి గదా, వాన పడిందా?"

"ఇంగోసారి మొక్కప్పా, ఈసారి కాళ్ళు పట్టుకో, జల్లన్నా పడుతుంది."

ఈ మాటలన్నవాళ్ళలో ఆ రోజు కార్ల ముందర డప్పు కొట్టించినవాళ్ళు కూడా ఉన్నారు. నాయన ఎవరింటి ముందూ వంగి ఎరగడు. ఆ తరువాత టీ అంగడికి పోవడమే మానుకున్నాడు. చేనికి కూడా చుట్టు తిరిగి వంక దారిన పోయేవాడు.

నాలుగో రోజు మామ స్కూటర్ మీద వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, నువ్వన్న మాట నేను ఇన్నా. ఇన్నది ఇన్నట్టే రాసిస్తి. ఆఫీసులో కూసున్నోళ్ళు మార్చినారు."

"నాలుగో చెట్టు పెరకమని చెప్పింది గుడక ఆఫీసోళ్ళేనా?" అని నాయన అడిగాడు.

మామ తల దించుకున్నాడు. "కాదన్నా. అది నేనే."

అమ్మ సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తిను తమ్ముడా, ఎండన పడొచ్చినావు" అంది. ఆ పూటే అక్క, బావ వరసలు కలిశాయి. చేసిన తప్పు ఒప్పుకోవడానికి నలభై మైళ్ళు వచ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తప్పు చేసి కారు ఎక్కినవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను.

పోతూ పోతూ గట్టు మీద ఎండిపోయిన ఆ నాలుగో చెట్టును తీసుకున్నాడు. నా దగ్గర నీలం ప్లాస్టిక్ దారం అడిగి, కాండానికి ముడి వేసి, స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తొమ్మిది రోజులకు ఒక పదును వాన పడింది. కాయలు ఇంటికి రాలేదు గానీ ఎద్దులకు మేత అయింది. నాయన చెప్పినట్టు అవి బతికే ఉన్నాయి.

ఆ తరువాత చేలల్లో ఎవరు దిగినా మామ ముందే డిక్కీ తెరిచేవాడు. "సార్, మీరెందుకు వంగేది, ఇది పట్టుకోండి" అని ఆ చెట్టును చేతిలో పెట్టేవాడు. మిగతా ఫొటోలవాళ్ళూ దాన్నే ఫొటో తీసుకునేవాళ్ళు. ఆయన వచ్చినప్పుడల్లా తెచ్చిన పేపర్లలో నేను నీలం ముడి వెతికేదాన్ని. పుట్టపర్తి దగ్గర ఒకాయన చేతిలో అదే చెట్టు. ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసర్ల చేతుల్లో అదే చెట్టు. ఆకులు రాలి వట్టి పుల్ల అయినాక కూడా ఒక పెద్దమనిషి దాన్ని పట్టుకొని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్కరన్నా కనుక్కోలేదా మామా?" అని అడిగాను.

"చెట్టు దిక్కు చూస్తే గదా కోడలా. వాళ్ళు చూసేది నా కెమెరా దిక్కు."

ఏడ్చేవాళ్ళను ఆయన ఫొటో తీసేవాడు కాదు. ఆడవాళ్ళు జుట్టు ముడి వేసుకొని, కొంగు సర్దుకునేదాకా కెమెరా మూత తీసేవాడు కాదు. "బొమ్మకు నోరు లేదు కోడలా, కింద రాసేటోనికి ఉండాది" అనేవాడు. నా పెళ్ళికి వచ్చి, పేపర్లో పడిన ఆ నాయన ఫొటో ఇచ్చాడు. వెనకవైపు తన చేత్తో రాసి ఉంది: "పెరకద్దు సామీ, దండం పెడతా. అది ఇంకా బతికే ఉండాది. ఇది ఈయన అన్న మాట. నాలుగో చెట్టు పెరకమన్నది నేను." కింద సంతకం పెట్టాడు. చీరల అడుగున దాచుకున్నాను. నాయన పోయి రెండేళ్ళయింది.

మొన్న మామ సంతాప సభకు మా ఆయన నన్ను తీసుకుపోయాడు. వేదిక వెనక అదే ఫొటోను మేడంత ఫ్లెక్సీ వేశారు. కింద అదే పాత రాత. ఆ నాయకుడే వచ్చాడు. అప్పటికంటే లావయ్యాడు. "ఆ పేదరైతు ఆ రోజు నాకు మొక్కాడు. ఇవాళ ఈ కళాకారుడికి నేను మొక్కుతున్నా" అని చేతులు జోడించాడు. ఫొటోలవాళ్ళు కెమెరాలు ఎత్తేదాకా ఆగి, అప్పుడు జోడించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చచ్చిపోయిన మనిషి సభలో చప్పట్లు. ఒక మనిషి చేసిన ఒకే ఒక తప్పును ఏరి, దానికే దండ వేశారు.

మామ రాసిచ్చిన ఫొటో నా సంచిలోనే ఉంది. లేచి చూపిద్దామనుకున్నాను. లేవలేదు. ఆడవాళ్ళ వరసలో చివర కూర్చొని కొంగు నోట్లో కుక్కుకున్నాను. అందుకే ఇంటికి వచ్చి, వెనక రాసింది ఉన్నదున్నట్టు దించి, ఇట్లాంటి కాగితాలు ఏడు రాశాను. సభకు వచ్చినవాళ్ళలో నాకు తెలిసిన ఇండ్లకు పంపిస్తున్నాను.

చదివినాక దీన్ని పొయ్యిలో పెట్టండి. నైటీల లెక్క చీటీల్లో చూసిన నా చేతిరాత అందరూ గుర్తుపడతారు, మేము ఈ ఊళ్ళో బతకాలి. పెట్టే ముందు, మామ పోయిన వార్త పడిన ఆ పేపరు ఇంట్లో ఉంటే ఒకసారి తీయండి. మొహాలు చూడద్దు. నాయన కాళ్ళ దగ్గర చూడండి. పచ్చటి చెట్ల నడుమ నాలుగు గుంతలుంటాయి. అవి చూసి, తరువాత కాల్చేయండి.