వెనకబడిన పోగు

కొండమీది డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్ పోస్టు ఒక్కటే ఉంది. పది నెలలు వాడుకుని వేసవి రాగానే పీకేసే పోస్టు. అయినా కిల్లో నీలవేణికి అదే కావాలి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పాసై రెండేళ్లుగా ఆమె అరకులో ఓ హోమ్‌స్టేలో టూరిస్టుల దుప్పట్లు మడతపెడుతోంది. గిరిజన వికాసమని కాలేజీ గోడల నిండా రంగులేశారు గానీ, లోపల ఉద్యోగాల్లో కొండమనుషులు కనపడేది ఊడ్చే దగ్గర, గంట కొట్టే దగ్గర.

డెమో క్లాసు చెప్పమన్నారు. వెనక పాతికమంది పిల్లలు. ముందు కుర్చీల్లో ఎంపిక చేయడానికి వైజాగ్ నుంచి వచ్చిన రత్న మేడమ్, పదకొండేళ్లుగా అక్కడే పాఠం చెబుతున్న దుర్గాప్రసాద్ సారు. ఈయన సోమవారం మధ్యాహ్నం కొండెక్కి గురువారమే దిగిపోతాడు.

నీలవేణి బోర్డు మీద బాక్టీరియా డీఎన్‌ఏ గీసింది. జంటపోగులు జిప్పులా విడిపోతుంటే, ఒకదాని మీద నకలు తీసే యంత్రం ఆగకుండా ముందుకు పోతుంది. రెండోది ఎదురు దిశలో ఉంటుంది కాబట్టి, దాన్ని ముక్కలుముక్కలుగా, ఆగి మళ్లీ మొదలుపెడుతూ నకలు తీయాలి.

"అందుకే దీన్ని వెనకబడిన పోగు అంటారు," అంది.

"తప్పులెక్కువ దాంట్లోనే. రాసుకోండి," అన్నాడు దుర్గాప్రసాద్ పిల్లలవైపు తిరిగి. "పేర్లోనే తెలియట్లా? మీ ఏజెన్సీ టైపు!"

పిల్లలు నవ్వారు. తమ మీద జోకుకి తామే ముందు నవ్వడం ఆ కాలేజీలో మొదటి సెమిస్టర్‌లోనే వచ్చేస్తుంది.

తలూపితే పోస్టు వచ్చేట్టే ఉంది. నీలవేణి తల ఊగలేదు.

"తక్కువ సార్."

"ఏంటీ?"

"వెనకబడిన పోగులోనే తప్పులు తక్కువ. మా అమ్మ దేముడమ్మ కాఫీ పళ్లు కోస్తే కొమ్మంతా ఒక్క లాగుడుకి దూసేస్తది సార్. పచ్చికాయలు పడినా ఆగదు. మా పిన్ని కనకకి మోకాలు నొప్పి. నాలుగు కోసి ఆగుతుంది, బుట్టలోకి చూస్తుంది, పచ్చిది కనపడితే ఏరేస్తుంది. మేస్త్రీ మాత్రం 'వెనకబడిపోయావే' అని పిన్నినే తిడతాడు. ఎవరి బుట్ట శుభ్రం?"

"కనకమ్మదే!" అంది వెనకబెంచీ.

"ఈ-కొలి బాక్టీరియా మీద చేసిన ప్రయోగాల్లో తేలిందీ అదే సార్. ముందుకుపోయే యంత్రం తప్పు పడినా దానిమీదే సాగిపోతుంది. వెనకబడిన పోగు మీదిది తప్పు పడగానే బేగి పట్టు వదిలేస్తుంది. ఆ సందులో తప్పు దిద్దడానికి వీలు దొరుకుతుందని అంటున్నారు. అన్ని బాక్టీరియాలకీ ఇదే రూలని మాత్రం నేననను."

"ఏ పుస్తకంలో ఉంది?"

"మీరు చెప్పింది ఏ పుస్తకంలో ఉంది సార్?" అడిగింది రత్న మేడమ్.

పుస్తకంలో లేదు. దుర్గాప్రసాద్ నోట్సులో ఉంది. పదకొండు బ్యాచ్‌లు దాన్నే బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాయి. ఆయన ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. వాటర్ ట్యాంకు మెట్లెక్కాడు. క్లాసంతా కిటికీలోంచి చూస్తుండగా పైన చాలాసేపు ఫోన్‌లో చదువుతూ నిలబడ్డాడు. దిగాక ఎవరివైపూ చూడకుండా వచ్చి కూర్చుని, పెన్ను క్యాప్ తీశాడు, పెట్టాడు.

"ఈ అమ్మాయినే తీసుకుందాం," అంది మేడమ్. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది.

నీలవేణి ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. కనక మోకాలి నొప్పి మర్చిపోయి గడప గడపకీ తిరుగుతోంది. "నా బుట్ట గురించి కాలేజీలో పాఠం సెప్పారంట!"

దేముడమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది.

"అమ్మా, ఉద్యోగం వచ్చిందే."

"వచ్చిందిలే గుంటా. అందరి ముందూ నన్ను పచ్చికాయలదాన్ని సేసేవు కదా."

"బాక్టీరియా గురించే సెప్పానే!"

"ఆ పురుగు పేరు సెప్పొచ్చు కదా, నా పేరెందుకు?" దేముడమ్మ అన్నం, పులుసు పెట్టి ఠక్కున కంచం జరిపింది. "రేపు నువ్వు రా తోటకి. సూద్దాం నీ బుట్టలో ఏటి పడతాదో."

"రేపు కాలేజీకి పోవాలే."

దేముడమ్మ మొహం ఇటు తిప్పకుండానే కూతురి కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది.