ఇంట్లో కడుపుతో మనిషి, పైన పుచ్చిన దూలం

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, కాళ్లు చాపుకోండి, మన ఈడు వాళ్లకు చెప్పుకోవాల్సిన మాటే ఇది. పొద్దున మా పై ఫ్లాటువాళ్లు గోడకు డ్రిల్లింగు పెట్టించారు. ఆ గుర్రుమనే చప్పుడుకు, ఆరో నెల నడుస్తున్న నా మనవరాలు చెవుల్లో పాటల తీగలు పెట్టుకుని నిద్రపోయింది. నాకేమో మా అత్త గుర్తుకొచ్చి నవ్వు ఆగలేదు.

అరవైల చివర్లో మాట. తార్నాకలో మాది చిన్న పెంకుటిల్లు, మా ఆయన యూనివర్సిటీ హాస్టల్లో వంట చేసేవాడు. నాకు తొలిచూలు, ఐదో నెల. ఒకనాడు పడుకుని ఉంటే ఇంటి నడుమ దూలం నుంచి పొట్టు రాలి నా చీర మీద పడింది. మా ఆయన ఎక్కి వేలితో పొడిస్తే వేలు లోపలికే పోయింది. వసారా గుంజలు కూడా అడుగున నాని చీకిపోయాయి. వానాకాలం ముంగిట్లోకి వచ్చేసింది. పెంకులు తడిసి బరువెక్కితే ఆ దూలం ఆగదు, దాని కింద పడుకునేది నేను.

అయితే కడుపుతో మనిషి ఉన్న ఇంట్లో మేకు కొట్టకూడదు, దూలం కదిలించకూడదు అన్నది మా అత్త పట్టు. ఏడో నెలకు గానీ పుట్టింటికి పంపరు, అంతదాకా వాన ఆగదు. అంబర్‌పేట నుంచి వచ్చిన వడ్రంగి తాత రంపం కింద పెట్టి గడ్డం గోక్కున్నాడు.

"పిల్ల ఇంట్ల ఉంటె కదా తప్పు? సుత్తె సప్పుడు గాకముందే మా ఇంటికి తోలు," అన్నది ఎదురింటి వదిన. వాళ్లు చర్చికి పోయే మనుషులు, ఈ పట్టింపు వాళ్లకు లేదు. అయినా మా అత్త భయాన్ని ఆమె ఏనాడూ ఎగతాళి చేయలేదు.

మా అత్త ఒప్పుకుంది. నేను దిండు చంకన పెట్టుకుని దారి దాటి, వాళ్ల వసారాలో కూర్చుని, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు తింటూ, మా ఇంటి పెంకులు చేతులు మారుతూ కిందికి దిగడం చూశాను. అంతా బాగానే ఉండేది గానీ, మా కొత్త గుంజలు చూసి వదినకు ఆశ పుట్టింది, వాళ్ల గుంజలూ అట్లాగే పుచ్చి ఉన్నాయి మరి. మర్నాడు మా ఇంటి మీద తాత దూలం ఎక్కిస్తుంటే, ఎదురుగా ఆయన తమ్ముడు వదినవాళ్ల వసారా విప్పడం మొదలుపెట్టాడు. తీరా చూసుకుంటే నన్ను ఉంచడానికి ఏ ఇల్లూ మిగల్లేదు.

"ఇగ దీన్ని చెట్టు ఎక్కిస్తవా ఏంది?" అని వదిన నవ్వింది.

"చెట్టు కిందికే తోల్కపోత," అని మా అత్త సద్ది మూట కట్టింది.

అట్లా ఇద్దరం నడుచుకుంటూ యూనివర్సిటీ లోపలికి పోయి, హాస్టల్ వెనక వేపచెట్ల నీడలో కూర్చున్నాం. కొడుకు అన్నేళ్లుగా అక్కడ వండుతున్నా ఆమె లోపలికి రావడం అదే మొదలు. పుస్తకాలు గుండెకు ఆనించుకుని పోతున్న ఒకమ్మాయిని పిలిచి, ఏం చదువుతున్నావని అడిగి, ఆ పిల్ల చెప్పింది అర్థం కాకపోయినా మెచ్చుకుని రొట్టె పెట్టి పంపింది. తర్వాత, ఏదో ఊరి ముచ్చట చెప్పినంత మామూలుగా, తన తొలిచూలప్పుడు మా మామ ఇంటి కప్పు మార్చాడనీ, ఆ బిడ్డ దక్కలేదనీ చెప్పింది.

"దానికీ దీనికీ లంకె ఉన్నదో లేదో నాకెర్క లేదు బిడ్డా. నిన్ను పెట్టి మాత్రం పందెమాడలేను."

అంతవరకు ఆమెది వట్టి మొండితనమనే అనుకున్నాను. నా వంతు ఉల్లిగడ్డ ఆమె రొట్టెలో పెట్టాను.

పొద్దుగూకే వేళకు పని అయిందని మా ఆయన వచ్చి పిలిచాడు. కొత్త దూలానికి పసుపు కుంకుమ పెట్టించి, దాని కింద ముందు తాను కాసేపు నిలబడి, ఆ తర్వాతే మా అత్త నన్ను లోపలికి రానిచ్చింది. ఆ వారమే వాన దంచింది, ఇంట్లో ఎక్కడా చుక్క కారలేదు. బతుకమ్మ పండుగ దాటాక మా పుట్టింట్లో మా పెద్దది పుట్టింది. ముందే వచ్చి వాకిట్లో కాచుకున్న మా అత్త, దాని ఏడుపు వినబడగానే నేల మీద కూలబడి నవ్వింది.

ఇప్పుడన్నీ సిమెంటు కప్పులు, పుచ్చవు, చెదలు పట్టవు. ఇల్లు బాగుచేయాలంటే ఎవరూ దిండు పట్టుకుని బయటికి నడవనక్కరలేదు. మంచిదే. కాకపోతే అత్తాకోడళ్లు పనీపాటా మాని పగలంతా చెట్టు కింద కూర్చునే సాకు కూడా ఆ పాత దూలాలతోనే పోయింది. ఆ ఒక్క పగలు అక్కడ కూర్చోకపోతే ఆమెను నేను ఈనాటికీ మొండి మనిషిగానే తలచుకునేదాన్ని.

మీ ఇళ్లు చల్లగా ఉండాలమ్మా. మీ కప్పు కింద పసిపిల్లల ఏడుపులూ పెద్దల కబుర్లూ కరువు కాకూడదు.