బండి ఇంకా రామభద్రపురం దాటలేదు

నాకు ఆగడం చేతకాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. విజయనగరం నుంచి బొబ్బిలికి పల్లెవెలుగు బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ని నేను. పేరు నరసింగరావు. స్టాపులో ఎవరైనా సంచీ వెతుక్కుంటూ మెట్టు మీద నిలబడిపోతే నా ఒళ్ళు మండిపోయేది. అలాంటి నాకు దేవుడు ఏరి కోరి జతచేసిన కండక్టరు పరంజ్యోతి.

పరంజ్యోతిది శృంగవరపుకోట పక్క పల్లె. తాతల నాడే మిషన్ చర్చిలో చేరిన కుటుంబం. ఉద్యోగం వచ్చాక బొబ్బిలిలో ఇల్లు కట్టుకున్నాడు. నన్ను అతను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనేవాడిని. చుట్టరికం ఏమీ లేదు. ఒకే బండిలో ఏళ్ళ తరబడి తిరిగితే చుట్టరికం దానంతట అదే వచ్చేస్తుంది. అతని భార్య లీలారాణి నన్ను అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టింది, దాంతో వాళ్ళమ్మాయి షీబాకి నేను మావయ్యనైపోయాను.

పరంజ్యోతి గొంతు చర్చి పాటల్లో ముందు వరసలో నిలబడే గొంతు. అదే గొంతుతో తలుపు దగ్గర నిలబడి గొట్లాం, బొండపల్లి, గజపతినగరం, మానాపురం, రామభద్రపురం, బొబ్బిలి అని పిలుస్తుంటే గాఢనిద్రలో ఉన్నవాడు కూడా లేచి సంచీ సర్దుకోవాల్సిందే. మాటల మనిషి. టికెట్టు కొట్టే లోపల ఎవరి కోడలు పురిటికి వెళ్ళిందో, ఎవరి దూడకి జబ్బు చేసిందో కనుక్కునేవాడు.

అతనితో నాకు రోజూ తగువే. ముసలివాళ్ళెవరైనా దిగుతుంటే చెయ్యి పట్టుకుని "సూసుకోని దిగమ్మా" అనేవాడు. వాళ్ళ రెండు కాళ్ళూ నేల మీద ఆని, చీర కుచ్చిళ్ళు సర్దుకునేదాకా విజిల్ వేసేవాడు కాదు. నేను అద్దంలోంచి చూస్తూ, ఇది బస్సా సత్రమా అని అరిచేవాడిని. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

నేను రిటైరైన ఏడాదికి ఒక ఉదయం పరంజ్యోతి పెరట్లో పళ్ళు తోముకుంటూ కూలబడిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు సగం దక్కాయి. మాట మాత్రం పోయింది. పూర్తిగా పోయినా ఒక దారే, ఒకే ఒక్క మాట మిగిలింది. టికెట్టు. మంచినీళ్ళు కావాలన్నా టికెట్టే, దీపం ఆర్పమన్నా టికెట్టే. పెళ్ళాన్ని పిలవబోతే కూడా అదే వచ్చేది. అనగానే తప్పని తనకే తెలిసిపోయేది. ముఖం ముడుచుకుని గోడ వైపు తిరిగేవాడు. మనం చెప్పేదంతా శుభ్రంగా అర్థమయ్యేది. పాత డిపో కబుర్లు చెబితే నవ్వాల్సిన చోటే నవ్వేవాడు. లోపల మనిషి మొత్తం ఉన్నాడు, తలుపు ఒక్కటే బిగుసుకుపోయింది.

మా వైపు జనానికి ఒక గుణం ఉంది. ఎదుటివాడు మాట కోసం ఒక్క క్షణం తడుముకున్నాడా, నలుగురు నాలుగు వైపుల నుంచి ఆ మాట అందించేస్తారు. అది ప్రేమే, కాదనను. పరంజ్యోతి పెదవి కదిపితే చాలు, లీలారాణి నీళ్ళా, కాఫీయా, ఫ్యానా అని వరసపెట్టేది. పక్కింటి జగ్గమ్మ గోడ మీంచి మరో రెండు చేర్చేది. నేనైతే అతను అడగకముందే అన్నీ అడిగేసి, జవాబులు కూడా నేనే చెప్పేసుకుని, కాఫీ తాగి ఇంటికొచ్చేవాడిని. అతను తల ఊపేవాడు. అలా తల ఊపుతూనే ఏడాది గడిచిపోయింది.

అప్పుడు షీబాకి సంబంధం కుదిరింది. అబ్బాయి పాల్, శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్. నెమ్మదస్తుడు, ఇరువైపులా ఇష్టమే. వేసవిలో బొబ్బిలి చర్చిలో పెళ్ళి అనుకున్నారు. చిక్కు ఒక్కచోట వచ్చింది. వాళ్ళ పెళ్ళిలో అయ్యగారు, అంటే పాస్టరుగారు, సంఘం ముందు ఒక ప్రశ్న అడుగుతారు. ఈ అమ్మాయిని ఈ వివాహానికి ఇస్తున్నది ఎవరు అని. పిల్ల తండ్రి నిలబడి నేనే అని చెప్పాలి. అంతే, ఒక్క మాట. ఆ ఒక్క మాటా పరంజ్యోతి దగ్గర లేదు.

సంఘం పెద్దలు మంచిగానే చెప్పారు, లీలారాణి సొంత తమ్ముడున్నాడు కదా, మేనమామగా అతను చెప్పినా సరిపోతుంది, ఇలా చాలా పెళ్ళిళ్ళలో జరిగిందన్నారు. లీలారాణి కూడా దానికే ఒప్పుకుంది. అందరి ముందూ మనిషి చిన్నబుచ్చుకుంటాడని ఆమె భయం. షీబా మాత్రం అడ్డం తిరిగింది.

"నాన్నే సెప్పాలి మావయ్యా. ఆ మాట ఇంకెవురి నోటంటా నాకొద్దు."

పరంజ్యోతి అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఎడం చేత్తో గుండె మీద గట్టిగా కొట్టుకున్నాడు. నోట్లోంచి టికెట్టు అని వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

విజయనగరంలో అరుణశ్రీ అని ఒక స్పీచ్ థెరపిస్టు ఉందని తెలిసి బస్సులో తీసుకెళ్ళాం. చిన్నపిల్ల, చలాకీ మనిషి. బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. అరటిపండుకి టికెట్టు, గొడుక్కి టికెట్టు. అతని బదులు నేను గొడుగు అనేశాను. ఆ పిల్ల నా వైపు తిరిగి, వచ్చేవారం మీరు బయట కూర్చోండి అంది. నాకు తిక్క రేగింది. ఇలాంటి బొమ్మలు మా మనవరాలి పుస్తకంలో బోలెడున్నాయి, దీనికి ఇంత దూరం రావాలా అని దారంతా సణిగాను.

ఆ రోజు తిరుగు బస్సులోనే జరిగింది. పరంజ్యోతి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆర్టీసీ కాంప్లెక్సు దాటి ఊరు వదిలాక, ఎవరూ అడక్కుండా, పాత గొంతుతో, "గొట్లాం" అన్నాడు. కొంత దూరం పోయాక బొండపల్లి అన్నాడు. తర్వాత గజపతినగరం. ఒక్కటి తప్పలేదు. కండక్టరు కుర్రాడు ఇంకో కండక్టరు ఎక్కాడేమిటని వెనక్కి తిరిగి చూశాడు. లీలారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను సీట్లోంచి లేచిపోయాను. మాట వచ్చేసింది, ఇంక భయం లేదనుకున్నాం. ఇంటికెళ్ళి, బావా ఏం కావాలని ఆశగా అడిగాను. "టికెట్టు" అన్నాడు. ఆ పూట నేను కాఫీ తాగలేదు.

అరుణశ్రీకి చెబితే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు, సంతోషపడింది. అప్పుడు ఆమె చెప్పిన సంగతి నా మనసుకి బాగా పట్టింది. మనం వెతుక్కుని, ఏరుకుని చెప్పే మాటలు ఒక రకమట. ఏళ్ళ తరబడి వరసగా పలికి పలికి నోటికి అలవాటైపోయిన మాటలు ఇంకో రకమట. అంకెలు, వారాలు, ప్రార్థనలు, పాటలు ఇలాంటివి. మొదటి దారి మూసుకుపోయినా చాలామందికి రెండో దారి తెరిచే ఉంటుందట. ఇతనికి ఆ దారి బొబ్బిలి రోడ్డు.

"ఆ వరస చివర మీకు కావలసిన మాట తగిలించి చూద్దాం. పెళ్ళిరోజున వస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను," అంది. పుస్తకంలో ఉన్నట్టు నేనే అని వద్దు, ఇంట్లో ఎలా అంటారో అలాగే నానే అని నేర్పమంది. ఇంకొక్కటి కూడా గట్టిగా చెప్పింది. ప్రశ్న అడిగాక అందరూ నోరు మూసుకోవాలి. అందించకూడదు, సగం పలికితే పూరించకూడదు, ముఖం చూసి జాలిపడకూడదు. అతను వెతుక్కుంటున్నప్పుడు మనం మాట ఇచ్చేస్తే, వెతకడం ఆపేస్తాడు.

ఇక మొదలైంది మా బస్సు. వాళ్ళ ముందుగదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ముందు కుర్చీలో నేను, వెనకాల పరంజ్యోతి. నేను గేరు మార్చినట్టు చెయ్యి కదిపితే అతను గొట్లాం నుంచి అందుకునేవాడు. బొబ్బిలి అనగానే లీలారాణి అడిగేది, "పిల్లనెవురిస్తన్నారు?" అని. అడిగి నోరు మూసుకునేది. ఆ నిశ్శబ్దం ఉంది చూడండి, దాన్ని భరించడం కంటే ఘాట్ రోడ్డులో రివర్సు కొట్టడం సులువు. మాట నా నాలుక చివర నిలబడి గంతులేసేది. చివరికి తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. జగ్గమ్మ గోడ మీంచి అందించబోతే షీబా ఆమెను కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టింది, మాట్లాడకూడదన్న షరతు మీద.

చాన్నాళ్ళు ఆ చోట టికెట్టే వచ్చింది. ఒకరోజు గ్లాసు విసిరికొట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంక వద్దు, మేనమామ చెబుతాడులే అని లీలారాణి అంది. అతను కన్నీళ్ళు తుడుచుకోకుండానే నా కుర్చీని వెనకనుంచి తట్టాడు. బండి తియ్యమని. తీశాను. ఆ రోజు కూడా రాలేదు. ఎండలు ముదిరాక ఒక సాయంత్రం, బొబ్బిలి తర్వాత చాలాసేపు ఆగి, "నానే" అన్నాడు. తర్వాత కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు రాదు. వరస లేకుండా విడిగా అడిగితే అసలు రాదు. అలా ఉండగానే పెళ్ళి వచ్చేసింది.

చర్చి నిండా జనం. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలే. షీబా తెల్లచీరలో, తలమీద ముసుగుతో తండ్రి ఎడం చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది. అయ్యగారు వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన. సంగతంతా ముందే చెప్పాం, సరేనన్నారు. పరంజ్యోతిని వేదిక మెట్టు ఎక్కించి నిలబెట్టారు. నేను ముందు వరసలో లీలారాణి పక్కన కూర్చున్నాను, భుజం మీద తువ్వాలుతో.

అయ్యగారు ప్రశ్న అడిగారు. పరంజ్యోతి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఎవరో దగ్గారు. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. మేనమామ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. షీబా తల దించుకుని కదలకుండా నిలబడింది. అయ్యగారికి పాపం జాలేసినట్టుంది. తండ్రిగారి మౌనమే అంగీకారంగా భావించి అని మొదలుపెట్టబోయారు.

అప్పుడు చూశాను. పరంజ్యోతి పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. అన్నేళ్ళు అద్దంలో చూసిన పెదవులు నాకు తెలియవా? గజపతినగరం దాటింది. మానాపురం. నేను లేచి నిలబడ్డాను.

"కొంచెం ఆగండయ్యగారూ. బండి ఇంకా రామభద్రపురం దాటలేదు."

కొందరు నవ్వారు. నవ్వితే నవ్వనీ. అయ్యగారు నా వైపు, అతని వైపు చూసి పుస్తకం మూసి పట్టుకున్నారు. చర్చి మొత్తం ఆగింది. నేను తువ్వాలు నోట్లో పెట్టుకున్నాను. రామభద్రపురం. చాలాసేపటికి బొబ్బిలి. ఆ తర్వాత పెదవులు కూడా ఆగిపోయాయి.

"నానే," అన్నాడు పరంజ్యోతి.

వెనక్కి వినపడేంత పెద్ద గొంతు కాదు. అయ్యగారికి వినపడింది, షీబాకి వినపడింది, చాలు. లీలారాణి నా మోచెయ్యి గిల్లినట్టు పట్టుకుంది. తర్వాత ప్రమాణాలు, ఉంగరాలు, ప్రార్థన ఎలా జరిగాయో నాకు సరిగ్గా గుర్తులేదు. గెలిచేశాం, ఇంక అయిపోయిందనుకుని వెనక్కి జారబడి కూర్చున్నాను.

అంతా అయ్యాక కొత్త దంపతులు వేదిక దిగుతున్నారు. ఒకటే మెట్టు. షీబా చీర అంచు చెప్పుకి తగులుకుంది. పాల్ అవతలి వైపు ఎవరికో చెయ్యి కలుపుతున్నాడు. మెట్టు కింద నిలబడి ఉన్న పరంజ్యోతి చటుక్కున ఎడం చెయ్యి చాపి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"సూసుకోని దిగమ్మా," అన్నాడు.

గొట్లాం లేదు, బొండపల్లి లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ అందించలేదు. మేం నెలల తరబడి నేర్పింది ఒక్క మాటే, ఇది మేం నేర్పింది కాదు. షీబా మెట్టు మీదే ఆగిపోయి తండ్రి ముఖంలోకి చూసింది. వెనక జనం తోసుకొస్తున్నారు. ఆమె రెండు కాళ్ళూ నేల మీద ఆని, చీర సర్దుకునేదాకా పరంజ్యోతి ఆ చెయ్యి వదల్లేదు. నేను తువ్వాలు మళ్ళీ నోట్లో కుక్కుకున్నాను. ఈసారి మాట ఆపుకోవడానికి కాదు, ఏడుపు ఆపుకోవడానికి.