ఏడో నెలలో వచ్చిన కోవిడ్

ఆ రోజు ఆరేసిన బట్టలు తెద్దామని మేడ మీదకి బయలుదేరాను. సగం మెట్లెక్కేసరికి ఊపిరి అందక కూర్చుండిపోయాను. నాకప్పుడు ఏడో నెల. కింది వాటాలో ఉండే కేరళ ఆవిడ చూసి, తన కాన్పులప్పుడూ ఇంతేనని, ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చెప్పింది. నేనూ నెలలు నిండుతున్నందువల్లే అనుకున్నాను.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మా ఆయన సలీం ఖతర్‌లోని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో ఫోర్‌మన్. అల్ ఘర్రాఫా ప్రాంతంలో, వాటాలుగా చేసి అద్దెకిచ్చే విల్లాలో రెండు గదులు మావి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు అది. అక్కడ కోవిడ్ కేసులు మళ్ళీ పెరుగుతున్న రోజులు. సలీంకి కంపెనీవాళ్ళే టీకా రెండు డోసులూ వేయించారు. నన్ను చూసే డాక్టరమ్మ కూడా వేయించుకోవచ్చని, ఎంత త్వరగా అయితే అంత మంచిదని చెప్పింది.

ఊళ్ళో మా అత్తమ్మకు మాత్రం ఇష్టం లేదు. అక్కడ ఎవరూ ముందుకు రావడం లేదట, టీకా వేసుకున్న ముసలాయన ఒకరు పోయారట. "కడుపుల పిల్ల ఉండంగ సూది ఏంది బిడ్డా? ఆ దుబాయోళ్ళకు మన సంగతి ఏమెరుక?" అంది. ఆమెకు ఖతర్ కూడా దుబాయే. ఆమె మనసు మారుతుందేమోనని కొన్నాళ్ళు చూశాం. మారలేదు. చివరికి వేయించుకుందామనే పేరు నమోదు చేశాం. తేదీ వచ్చింది. ఆ తేదీ రాకముందే నాకు ఆయాసం వచ్చింది.

మర్నాటికి జ్వరం. స్వాబ్ పాజిటివ్. సలీంకి నెగిటివ్. నన్ను అంబులెన్స్‌లో ఒక్కదాన్నే తీసుకెళ్ళారు. ఎక్స్-రే చూసి 'బైలేటరల్ న్యుమోనియా', రెండు ఊపిరితిత్తులకూ పాకింది అన్నారు. ముందు మాస్క్ పెట్టారు, తర్వాత హై ఫ్లో ఆక్సిజన్. మాట్లాడితే దగ్గు, దగ్గితే మానిటర్ మోత. ఒక సాయంత్రం డాక్టర్ వచ్చి, నాకు అందుతున్న ఆక్సిజన్ ఇద్దరికీ చాలడం లేదని, వెంటనే సిజేరియన్ చేయాలని, ఆ తర్వాత వెంటిలేటర్ తప్పదని చెప్పాడు. సలీంకి ఫోన్ కలిపారు. అతను ఏదో దువా చదువుతున్నాడు. నాకు సరిగా వినపడలేదు.

భీమవరం నుంచి వచ్చిన పద్మ సిస్టర్ నా చేయి పట్టుకుని, "నిద్రపోండమ్మా, మీరు లేచేసరికి నేనుంటాను" అంది.

లేచేసరికి ఆమె లేదు, వేరే నర్స్ ఉంది. చేయి కదపగలిగిన వెంటనే పొట్ట తడుముకున్నాను. గొంతులో ట్యూబు, అడగడానికి మాట రాదు.

ట్యూబు తీశాక వీడియో కాల్‌లో సలీం చెప్పాడు, ఆడపిల్లని, సన్నగా ఉందని, పసిపిల్లల ఐసీయూలో పెట్టారని. ఫొటో అడిగితే లోపలికి ఫోన్లు రానివ్వరన్నాడు. నాకు పాలు పడ్డాయి. రొమ్ములు గడ్డకట్టి జ్వరం తిరగబెట్టింది. పాలు తీసి పాపకి పంపమని పద్మ సిస్టర్‌ని అడిగాను. నేను వాడుతున్న మందులతో ఆ పాలు వద్దని చెప్పి, ఏదో పని ఉన్నట్టు అవతలకి వెళ్ళిపోయింది.

వార్డుకి మార్చాక సలీం వచ్చాడు. నా పాదాల దగ్గర కూర్చున్నాడు.

"పాప లేదు షాహీన్. పుట్టిన మూడోనాడే పోయింది."

నేను ఏడవలేదు. ఏడ్చేంత ఊపిరి లేదు. ఎవరు మట్టి చేశారని అడిగాను.

"నేనే. మా కంపెనీ బస్ డ్రైవర్ తోడొచ్చిండు."

"పేరు పెట్టినవా?"

"ఆస్పత్రి కాయితంల బేబీ ఆఫ్ షాహీన్ అనే ఉండె. పేరు చెప్పమన్నరు. నోటికి వేరే పేరు రాలే. నువ్వు గూడ ఉంటవో పోతవో తెల్వని దినాలు. షాహీన్ అనే చెప్పిన."

ఇంటికి ఆక్సిజన్ మెషిన్‌తో వచ్చాను. అది తీసేసిన నెలకే మళ్ళీ ఇన్‌ఫెక్షన్, మళ్ళీ అడ్మిషన్. స్టెరాయిడ్స్‌తో షుగర్ పట్టుకుంది. ఊపిరితిత్తుల డాక్టర్ స్కాన్ చూపించి, లోపల పడ్డ మచ్చలు, ఫైబ్రోసిస్, కొంత తగ్గుతుంది, కొంత ఉండిపోతుంది అన్నాడు. మళ్ళీ గర్భం గురించి అడిగితే, ఇప్పుడు ఆ ఆలోచన వద్దన్నాడు. ఆ 'ఇప్పుడు' ఇంకా అయిపోలేదు. పాప చనిపోయిన ఆ నెలలోనే అత్తమ్మ ఊళ్ళో టీకా వేయించుకుందట. నాకు చెప్పలేదు, ఆడబిడ్డ చెబితే తెలిసింది.

ఇప్పటికీ అదే వాటాలో ఉంటున్నాం. వంట మధ్యలో రెండుసార్లు కూర్చుంటాను. సలీం తెల్లవారుజామున డ్యూటీ బస్సెక్కుతాడు, వచ్చి తింటాడు, పడుకుంటాడు. పాప ఫొటో ఒకటి నిజంగానే తన ఫోన్‌లో ఉందని ఒకసారి చెప్పాడు. చూపించమని నేను అడగలేదు. అడగగలనని అనుకోను. ఓర్చుకుంటే కాలం మాన్పుతుందని చాలామంది అన్నారు. నా విషయంలో అలా జరగలేదు, అందుకే మీకు ఆ మాట చెప్పను.

చెప్పగలిగింది ఒక్కటి. కడుపుతో ఉన్నప్పుడు ఏ టీకా సంగతైనా మిమ్మల్ని చూసే డాక్టర్‌ని అడగండి. ఆమె సరే అంటే ఆ రోజే పేరు రాయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళను తర్వాత ఒప్పించుకోవచ్చు.