కిటికీ పక్క మంచం

1946లో సలోమమ్మ గురజాల వైపు ఒక మిషను ఆసుపత్రిలో ఆయా. మంచం దగ్గరున్న సీసా చూసి మందు తాగించడం ఆమె పని. ఆ పొద్దు కిటికీ పక్కనున్న రామాయమ్మ మంచం మీద ముసుగుతన్ని పడుకున్న మనిషిని లేపి, గుండెజబ్బు మందు అందించింది. ముసుగులోంచి చెయ్యొకటి వచ్చి గ్లాసు పట్టుకుంది. దాని మీద పచ్చబొట్టుంది. రామాయమ్మకు పచ్చబొట్టు లేదు.

సలోమమ్మ గ్లాసు లాక్కుంది. "నీ పేరేందమ్మా?"

"శేషారత్నం."

"ఈ మంచమెందుకెక్కావ్?"

"నా మంచం మీద నిన్న ఒకామె పోయిందంట. రామాయమ్మొదిన దొడ్డికి పోతే ఇందులో పడుకున్నా."

"చచ్చినామె మంచమని దిగి, చచ్చే మందు తాగబోతివి గదమ్మా!"

ఆనాటి నుంచి పేరు చెప్పించుకోనిదే సలోమమ్మ ఎవరికీ చుక్క మందు పొయ్యలేదు. ముసలితనంలో తానే మంచాన పడ్డప్పుడు, కూతురు మందు తెస్తే నోరు బిగించింది.

"ముందు నా పేరడగవే!"