గుమ్మం పక్క బల్ల

గిద్దలూరులో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పొద్దున్నే బస్టాండు దగ్గరి హోటల్లో దోసె తినడం నాకు అలవాటైంది. యజమాని నా శిష్యుడే. రోజూ నన్ను గుమ్మం పక్క బల్ల దగ్గరే కూర్చోబెట్టేవాడు. గౌరవం కాబోలు అనుకున్నాను.

ఒకసారి పెళ్లికని కొమరోలు పోయి రెండు రోజులు హోటలుకు వెళ్లలేదు. మూడోరోజు అతనే ఫోన్ చేశాడు.

"ఎప్పుడొస్తారు టీచరమ్మా? మీరు లేకపోతే గుమ్మం నిండా సిగరెట్లే. బోర్డు పెట్టినా ఎవరూ వినరు. మిమ్మల్ని చూస్తేనే పారేస్తారు."

అంటే గోడ మీది 'పొగ తాగరాదు' బోర్డుకు నేను కాపలా అన్నమాట. ఒళ్లు మండింది. అయినా మర్నాడు వెళ్లి అదే బల్ల దగ్గర ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను. మీసాలు నెరుస్తున్న నా శిష్యులు నన్ను చూడగానే సిగరెట్లు వెనక్కి దాచుకున్నారు. గొర్రెలు మేపుకునే ఒకాయన మాత్రం గుమ్మంలో నిలబడి దర్జాగా బీడీ పొగ వదులుతున్నాడు.

"ఏ బడిలో చదివినావు నాయనా?" అన్నాను, క్లాసులో వాడే గొంతుతో.

"బడికే పోలేదమ్మా."

"ఆ బోర్డు కనపడలేదా?"

"కనపడింది. ఏం రాసినారో నాకేం తెలుసు? బీడీ తాగొద్దనా? నోటితో చెప్తే పోతా గదమ్మా," అని రోడ్డు దాటి అవతలికి పోయాడు.

దోసె తినడమయ్యాక వెనక్కి వెళ్లి చేయి కడుక్కుని వచ్చాను. ఈలోపు నా దగ్గర చదువుకున్నవాళ్లంతా మళ్లీ వెలిగించారు.