అత్తకొక బల్లి, నాకొక బల్లి

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందటి శుక్రవారం, పగటి పన్నెండు గంటలకు మా వాడల కరెంటు పోయింది. గంట ఇంత ఖచ్చితంగ ఎట్ల యాదికున్నదని అడుగుతరేమో, ఆ రోజుల్ల మా ఇంట్ల ఏ సంగతి తెగాలన్నా ముందుగాల కరెంటు పోవాలె. సాంచాల ఊరు మాది. (మీరు మరమగ్గాలంటరు, మేము సాంచాలంటం.) పొద్దు పొడిచినకాడికెల్లి ఊరంత టకటక టకటక ఒక్కటే మోత. వాకిట్ల ఇద్దరు తిట్టుకుంటుంటే నోర్లు కదులుడు కనవడేది గని తిట్లు ఇనవడకపోయేది, అందుకే మా వాడల కొట్లాటలు తక్కువని పేరు. అసొంటి మోతల గోడ మీది బల్లి పలికితే ఎవలకు ఇనవడాలె? కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఇనవడేది. బల్లి పలికితే ఆ మాట సత్యమని మా అత్త నమ్మకం. అంటే మా ఇంట్ల సత్యమన్నది కరెంటు కోత ఉన్నంతసేపే ఉండేది. మిగిలిన పొద్దంత నోటికొచ్చింది మాట్లాడుకునేది, దానికి లెక్కా పత్రం లేదు.

ఆ సత్యం తేల్చే కచేరి, అంటే మా ఇంటి కోర్టు, నడిచే తీరు చెప్తే మీకు అర్థమైతది. నడిమింట్ల గోడకు దేవుని పటం, పటం ఎనుక ఒక పెద్ద బల్లి. నేను కాపురానికి రాకముందటి నుంచే అది ఆ ఇంట్ల ఉన్నది, అంటే నాకంటే దానికే హక్కు ఎక్కువ. మా అత్త పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. పటం కింద పీట ఏసుకుని కూసుని, ఏదన్న ఒకటని, ఆగి, మెడ ఎత్తి గోడ దిక్కు చూసేది. బల్లి చ్చ్ చ్చ్ మన్నదంటే మా మామ పిడికిలితోని నేల మీద కొట్టి "సత్యం, సత్యం" అనేటోడు. మామ కొట్టిండంటే ఖాయం, ఇగ ఆ మాట మీద మల్ల మాట లేదు. గని అసలు సంగతేందంటే, మామ చిన్నప్పటి సంది సాంచాల నడుమ నిలబడి పనిచేసిన మనిషి. ఆయన చెవులల్ల ఆ టకటక తప్ప ఇంకేం మిగల్లేదు. పక్కన పిడుగు పడ్డా తలకాయ తిప్పడు, బల్లి పలికితే ఏం ఇంటడు? ఆయన ఇని కొట్టేటోడు కాదు, అత్త మెడ చూసి కొట్టేటోడు. మెడ పైకి లేస్తే పిడికిలి కిందికి దిగేది. బల్లి పలికిన నాడు కొట్టేది, పలకని నాడు కూడ కొట్టేది. ఈ సంగతి ఇంట్ల అందరికి ఎరుకే, అనేటోళ్ళే లేరు. (పెద్ద పెద్ద ఆఫీసులల్ల కూడ ఇట్లనే నడుస్తదని ఆ తర్వాత పింఛను కోసం తిరిగినప్పుడు నాకు సమజైంది.)

మరి నేను మాట్లాడినప్పుడు బల్లి పలికితే ఏమైతుండె అంటరా? "దానికి ఆకలైతున్నట్టున్నది" అనేది అత్త.

ఆ బల్లి అంతకుముందటేడు నన్ను బతుకమ్మకు తల్లిగారింటికి పోకుంట ఆపింది. మా తల్లిగారిది మంథని దిక్కు ఊరు, గోదారి ఒడ్డు. పండుగ తొమ్మిది దినాలు తంగేడు పువ్వు, గునుగు పువ్వు కోసుకొచ్చుడు, అవ్వతోని (అంటే అమ్మతోని) కూసుని పేర్చుడు, అత్తగారిండ్లకు పోయిన దోస్తులంత ఆడికి చేరి ఎవరి అత్త ఎట్లాంటిదో నీళ్ళ ఒడ్డున చెప్పుకునుడు. ఏడాదంత కడుపుల దాచుకున్నది అక్కడ కక్కకపోతే ఆడిది ఎట్ల బతుకాలె? అసొంటిది, ఆ ఏడు మా తమ్ముడు వస్తే, "బీడీల పని మస్తున్నది, ఈ ఏడు పంపం" అన్నది అత్త, మెడ ఎత్తింది, బల్లి పలికింది, మామ కొట్టిండు. తమ్ముడు ఒక్కడే పోయిండు. నేను చాట ముందటేసుకుని బీడీలు చుట్టుకుంట ఏడిసిన. ఆ దినం నేను చుట్టినయి సగం కారఖానల వాపస్ ఇచ్చిన్రు, తడిసినయట.

ఇగ నేను చెప్తున్న ఏడు, వానకాలం నడుమ, బీడీలకని నానవెట్టిన తునికాకు కట్ట ఇప్పుతుంటే నా చేతి మీదికి ఏదో చల్లగ ఎక్కింది. చూస్తే బల్లి పిల్ల. అగ్గిపుల్లంత పెయ్యి, జొన్నగింజంత తల. లోపట పొట్ట నల్లగ బయటికే కనవడుతున్నది. కొత్త కోడలి లెక్కనే ఏ సందుల దూరాల్నో తెల్వక బీరిపోయి చూస్తున్నది. దులుపబోయి ఆగిన. నాకు ఒక ఆలోచన తట్టింది, ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తది గని అప్పుడు అది నాకు మంత్రం లెక్క తోచింది. అత్తకొక బల్లి ఉన్నది. అది అత్త ఇంట్ల పెరిగింది, అత్త దిక్కే చెప్తది. దీన్ని నేను సాదితే ఇది నా దిక్కు చెప్తది. పెత్రమాస వరకు పెంచి పెద్ద చేస్తే చాలు. ఎవలకు చెప్పకుంట దాన్ని నా పెండ్లి అద్దం ఎనుక పెట్టిన. ఆ అద్దం కూడ నడిమింట్లనే, దేవుని పటానికి జానెడు దూరంల ఉండె. పెద్దదాని పక్కన ఉంటే పని నేర్చుకుంటదనుకున్న. నా తెలివి అంతదాకనే పోయింది.

సాదుడు మాత్రం పరేషానే. పాలల్ల దూది ముంచి పెట్టిన, మూతి తిప్పుకున్నది. అన్నం మెతుకు పెట్టిన, దాని మీది నుంచి నడిచి పోయింది. బెల్లం పెడితే చీమలొచ్చి దాన్నే ఎత్తుకపోతయేమోనని పొద్దంత కావలున్న. కదిలేదాన్నే తింటదని ఎరుకైనంక ఒక ఈగను పట్టి, నడుముకు పోగు కట్టి, చీపురు పుల్లకు వేలాడదీసి అద్దం ఎనుక ఊపుతుంటే మా ఇంటాయన పని నుంచి వచ్చిండు.

"ఏం చేస్తున్నవే?"

"ఈగకు పోగు కడుతున్న."

ఆయన వంగి పోగు దిక్కు చూసిండు. పిచ్చి లేసిందంటడేమో, అవ్వకు చెప్తడేమోనని నాకు భయం.

"ఏ పోగది?"

"తెగిపోయిన కండెలది."

"గది పాలిస్టరు. ఈగ నడుము తెగుతది. ఆగు, కాటన్ పోగు తెస్త."

(కాపురానికొచ్చినంక ఆయన నాతోని అన్న మంచి మాటలల్ల అది మొదటిది. నాతోని కాదు, ఈగతోని అన్నడనుకోండ్రి. అయినా నేను నా లెక్కలనే రాసుకున్న.)

అట్ల మేము ఇద్దరం సాదుతుంటే పిల్ల పెరిగింది, అగ్గిపుల్ల నుంచి బీడీ అంతైంది. ఈగ ఇచ్చినప్పుడల్ల దాని చెవుల పడేటట్టు "నేను బతుకమ్మకు పోత" అనేదాన్ని, కరెంటు పోయినప్పుడు మరింత గట్టిగ. అది ఈగను మింగి కన్ను నాక్కునేది, పలికేది మాత్రం కాదు. వాడల గాజులమ్మే చాచికి ఒక్కదానికే ఈ ముచ్చట చెప్పిన. ఆమె గంప దించి, అద్దం ఎనుకకు తొంగి చూసి, ముక్కు మీద ఏలేసుకున్నది.

"మా ఇంట్ల బల్లి కనవడితే చీపురే బేటీ, ఇంక మాట లేదు. మీరు దాన్ని జడ్జిసాబ్‌ను చేసి కూసోవెట్టిన్రు."

"ఇది నా దిక్కు జడ్జి, చాచీ."

"పలుకుతదా మరి?"

"ఇంక చిన్నది."

"జర చూస్కో. నీ దిక్కుది అంటున్నవు, నీ లెక్కనే నోరు లేనిదేమో."

ఆ మాట నన్ను ముల్లు లెక్క పొడిచింది. పెత్రమాస దగ్గరవడుతున్నది, బల్లికి నోరు రాలే.

శుక్రవారం నాడు తమ్ముడు వచ్చిండు, చేతిల ఖాళీ సంచి, నా చీరలు పెట్టుకపోను. రెండు గంటల బస్సు అందుకోవాలె, అది పోతే ఆ దినం ఇంక మా ఊరికి దారి లేదు. సాంచాల మోతల వాడు ఏమంటున్నడో అత్తకు, అత్త ఏమంటున్నదో వానికి తెలుస్తలేదు. అత్త చేయితోనే కూసో అన్నది, చేయితోనే చాయ తాగు అన్నది, చేయి పైకెత్తి బల్బును చూపించింది. అంటే కరెంటు పోనియ్యి, అప్పుడు మాట్లాడుదామని. వాడు పాపం బల్బు బాగున్నదన్నట్టు తలకాయ ఊపిండు. గాజులేద్దామని వచ్చిన చాచి, గాజులు పక్కకు పెట్టి గడపల కూసున్నది. అందరం బల్బు దిక్కే చూస్తున్నం. పన్నెండుకు అది ఆరిపోయింది. ఊరి మోతంత ఒక్కపారి ఆగి, చెవులు గుయ్యిమన్నయి. మా ఇంటాయన నూలు దులుపుకుంట పని నుంచి వచ్చి తలుపుకాడ నిలబడ్డడు.

అత్త పటం కింద పీట సదురుకున్నది. ఎదురుంగ మామ, ఆమె మొకం మీదనే కన్ను పెట్టి.

"చూడు బిడ్డా, పంపొద్దని నాకేం లేదు" అన్నది అత్త. (ఈ మాటతోని మొదలైన ఏ ముచ్చటా మంచిగ ముగిసింది నేను చూడలే.) "గని పండుగ ముందట పని ఇడిసిపెట్టి పోతే ఎట్ల? ఈ ఏడు కూడ—"

నేను అద్దం దిక్కు చూసిన. నా పానమంత అక్కడనే ఉన్నది. ఇప్పుడన్న నోరు తెరువే తల్లీ అని లోపల్లోపల మొక్కుతున్న. అది నోరు తెరువలే గని బయటికొచ్చింది. ఎన్నడు అద్దం దాటని పిల్ల, అత్త నెత్తికి సరిగ్గ పైన గోడ మీదికి పాకి నిలబడ్డది. పటం ఎనుకనుంచి పెద్దది కూడ తల బయటికి పెట్టింది. పెద్దది దాన్ని చూసుడు చూస్తే, పని నేర్పేటట్టు లేదు, మింగేటట్టున్నది.

మా తమ్మునికి ఈ కచేరి సంగతేం తెల్వదు. అత్త మాట పూర్తిగ కాకముందే వాడు నోరు తెరిసిండు. "అట్లనకు అత్తమ్మా. అక్క లేకుంట ఇంటికి రావొద్దన్నది అవ్వ. నేను అక్కను తోల్కపోత."

అప్పుడే పెద్దది ఉరికింది. నా పిల్ల తోక ఇడిసి అద్దం ఎనుకకు దూరింది. ఆ తోక వచ్చి అత్త పాపిట్ల పడి గిలగిల కొట్టుకున్నది. అత్త ఉలిక్కిపడి మెడ పైకెత్తింది. మెడ లేసుడు చూసిన మామ పిడికిలితోని నేల మీద దబదబ కొట్టి అన్నడు, "సత్యం, సత్యం."

అత్త రెండు చేతులతోని నెత్తి దులుపుకున్నది.

"నా నెత్తి మీద ఏం పడ్డదిరా?" అన్నది అత్త.

"బల్లి తోకనే అవ్వా" అన్నడు మా ఇంటాయన.

"బల్లి పడ్డదా?"

"బల్లి కాదు, తోకనే. బల్లి పైన్నే ఉన్నది."

"తోక పడితే ఏమైతది?"

ఆయన మేకుకున్న పంచాంగం తీసి, కూడబలుక్కుంట ఏలు పెట్టి చదివిండు. తల మీద పడితే ఏంది, భుజం మీద పడితే ఏంది, అన్ని ఉన్నయట. "తోక ముచ్చట లేదవ్వా" అన్నడు.

"పడ్డది తోకంతనే గదా" అన్నది గడపలకెల్లి చాచి. "అయితే గియితే తోకంతనే అయితది. తానం చెయ్, ఫికర్ జెయ్యకు."

అప్పుడు అత్తకు యాదికొచ్చింది, మామ కొట్టింది మా తమ్ముని మాట మీదనని. మామ దిక్కు తిరిగి, "నువ్వెందుకు కొట్టినవయ్యా, అది బల్లి పలుకుడా?" అని చేయి గోడ దిక్కు చూపించింది. మామకు మాట ఇనవడలే. చేయి గోడ దిక్కు పోవుడే కనవడ్డది. మల్ల కొట్టిండు.

"హైకోర్టు కూడ అయిపోయింది" అన్నది చాచి.

ముసలాయనకు ఇనవడదు, ఆ కొట్టుడు చెల్లదు. అత్త ఈ ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట అత్త నోటిదాక వచ్చింది, పెదవులు కదిలినయి, నేను నా కండ్లతోని చూసిన. గని ఆ మాట అన్నదంటే, అంతకుముందు ఆ పీట మీద తెగిన తీర్పులన్ని చెల్లకుంట పోతయి. అత్త నా దిక్కు చూసింది, తమ్ముని సంచి దిక్కు చూసింది. మెల్లగ లేసి తానానికి పోయింది.

తడి ఎంటికలతోని వచ్చి, మా అవ్వకని ఒక రవికె బట్ట నా సంచిల పెట్టింది. పెట్టుకుంట, నా మొకం చూడకుంట, "మా కాలంల చేతిమగ్గాలు పిల్లా" అన్నది. "ఇంత మోత లేకుండె. బల్లి పొద్దంత ఇనవడేది." దాని అర్థం అప్పుడు నాకు ఎక్కలే, ఆమె కోడలిగ ఉన్ననాడు పొద్దంత తీర్పులేనని ఆ తర్వాత సమజైంది. బస్సు మీదనే నా పానం. పోయేముందు అద్దం ఎనుకకు చూసిన, నా పిల్ల మొండి నడుముతోని నన్నే చూస్తున్నది. "కాటన్ పోగుతోనే కడుత, నువ్వు పో" అన్నడు మా ఇంటాయన.

పండుగ చేసుకుని తిరిగి వచ్చేసరికి దానికి కొత్త తోక మొలుస్తున్నది, మొద్దుగ, రంగు కలవకుంట. నా ముందటనే అది మొదటిసారి పలికింది. కరెంటు పోయి ఉన్నది. "తల్లిగారింటికి పోయొచ్చి ఈ పిల్ల బీడీ చుట్టుడే మరిచింది" అన్నది అత్త. నా అద్దం ఎనుకనుంచి చ్చ్ చ్చ్ మని, సాఫ్‌గ, ముద్దుగ. నేను ఈగలు పట్టి సాదిన నోరు. మామ కొట్టిండు. ఈపారి నిజంగనే సత్యం, నేను మరిచిన్నే.

అత్త పోయింది, మామ పోయిండు. సాంచాలు తక్కువైనయి, కరెంటు పోతే ఇన్వర్టరున్నది. మనుమరాలి పలక మీద అచ్చరాలు దిద్దుకున్నంక నేను ఆగుకుంట ఆగుకుంట మొదలు చదివింది పంచాంగంల ఆ బల్లి పుటనే. మా ఇంటాయన అబద్ధం చెప్పలే, తోక ముచ్చట లేదు. ఇప్పుడు నా కోడలు మంచిర్యాలల నౌకరి చేస్తది. పండుగొస్తే, "అత్తమ్మా, ఎల్లుండి మా ఇంటికి పోతున్న" అని చెప్తది, అడుగది. నేను సరే బిడ్డా అంట గని, నాకు తెల్వకుంటనే నా మెడ గోడ దిక్కు లేస్తది.

"ఏం చూస్తున్నవత్తమ్మా?"

"ట్యూబులైటు మీద దుమ్మున్నది."

పక్కన మా ఇంటాయన కూసునుంటడు. సాంచాలు ఆయన చెవులు కూడ తీసుకున్నయి. నా మెడ లేసుడు చూసి ఆయన చేయి నేల మీదికి దిగబోతది. నేను ఆ చేయి పట్టుకుని నా ఒడిల పెట్టుకుంట.

ఆ శుక్రవారం నాడు అక్కడున్నోళ్ళు: పీట మీద మా అత్త, ఎదురుంగ మా మామ, తలుపుకాడ మా ఇంటాయన, ఖాళీ సంచితోని మా తమ్ముడు, గడపల గాజుల చాచి, పటం ఎనుక పెద్దది, అద్దం ఎనుక చిన్నది, నేను. తోక కూడ ఉండె. దాన్ని ఎవల దిక్కు రాయాల్నో నాకు ఇప్పటికీ తెల్వదు.